ఆఫ్రికా జన్యు అధ్యయనాన్ని చదివే పద్ధతి

ఆఫ్రికాలో మానవజాతి పుట్టుక గురించి కొత్త అధ్యయనం వెలువడిన ప్రతిసారీ వార్తల శీర్షికల్లో ఒక తెగ పేరు, లక్షల్లో ఒక సంవత్సరాల సంఖ్య, వాటి ముందు ‘అతి ప్రాచీన’ అనే విశేషణం కనిపిస్తాయి. వీటిలో ఏదీ దానంతట అది అబద్ధం కాకపోవచ్చు గాని, మూడూ కలిసి పాఠకుడి మనసులో నిలిపే బొమ్మ మాత్రం అధ్యయనం నిజంగా చెప్పినదానికి చాలాసార్లు దూరంగా ఉంటుంది. మూల వ్యాసాన్ని, కనీసం దాని సారాంశాన్నీ పటాలనూ, స్వయంగా చదివి అర్థం చేసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. డిగ్రీ స్థాయి జీవశాస్త్రం అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్ సదుపాయం, గుణకారం భాగహారం చేసే ఓపిక ఉంటే చాలు. వ్యాసాన్ని ముగింపు నుంచి కాక నమూనాల పట్టిక నుంచి చదవడం మొదలుపెట్టాలన్నదే నేను మొదట చెప్పే మాట, మిగిలినవన్నీ దాని వెంటే వస్తాయి.

ఎవరి డీఎన్‌ఏ తీసుకున్నారు

ప్రతి అధ్యయనంలోనూ నమూనాలు ఎక్కడివో, ఎన్నో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. చాలాసార్లు దాన్ని ప్రధాన వ్యాసంలో కాక అనుబంధంలో పెడతారు. దాన్ని వెతికి పట్టుకుని దేశం, జనసమూహం, వాళ్లు మాట్లాడే భాష, మనుషుల సంఖ్య అనే నాలుగు గడులు నోటుపుస్తకంలో గీసుకుని నింపండి. ఈ పని విసుగ్గా ఉంటుంది గాని, ఇది చేయకుండా మిగతా వ్యాసం చదవడం నేల విడిచి సాము చేయడమే.

ఇది ఎందుకు ముఖ్యమో 1987 నాటి ఒక ప్రసిద్ధ వ్యాసం చక్కగా చూపిస్తుంది. రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ 147 మంది మైటోకాండ్రియా డీఎన్‌ఏను (కణంలో శక్తిని తయారుచేసే భాగాల్లో ఉండే విడి డీఎన్‌ఏను) పోల్చి, తల్లి వైపు వంశవృక్షం మూలం ఆఫ్రికాలో ఉందని, దాని వయసు సుమారు 2,00,000 సంవత్సరాలని ప్రకటించారు. అయితే అందులో ‘ఆఫ్రికన్లు’గా లెక్కించిన 20 మందిలో 18 మంది అమెరికాలో నివసించే ఆఫ్రికన్ అమెరికన్లు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది కనుక ఆ ప్రత్యామ్నాయం కొంతవరకు పనికొస్తుందని రచయితల వాదం. విమర్శకులు ఊరుకోలేదు. 1991లో అదే బృందానికి చెందిన లిండా విజిలెంట్, ఆమె సహచరులు ఆఫ్రికాలోనే పుట్టి పెరిగినవారి నమూనాలను ఎక్కువగా చేర్చి మళ్లీ చేసినప్పుడూ మూలం ఆఫ్రికాలోనే తేలింది. ముగింపు సరైనది కావడమూ, నమూనా బలహీనంగా ఉండడమూ ఒకే వ్యాసంలో కలిసి ఉండవచ్చునన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. కొత్త వ్యాసం చదివేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా తూచాలి.

ఒక మనిషి డీఎన్‌ఏ అక్షరాల మొత్తం వరసనే జన్యుపటం అంటారు. ప్రపంచంలోని వివిధ జనసమూహాల జన్యుపటాలను చదివి పెట్టిన, ఇప్పుడు అందరూ వాడే వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు సంగతి చూద్దాం. 2015లో పూర్తయిన దాని చివరి విడతలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. ‘ఆఫ్రికా’ అనే శీర్షిక కింద ఏడు సమూహాలు కనిపిస్తాయి గాని, వాటిలో రెండు బార్బడోస్‌కు, అమెరికా నైరుతి ప్రాంతానికి చెందినవి. మిగిలిన ఐదు గాంబియాలోని మాండింకా, సియెర్రా లియోన్‌లోని మెండే, నైజీరియాలోని యోరుబా, ఎసాన్, కెన్యాలోని లుహ్యా. మొదటి నాలుగూ పశ్చిమ ఆఫ్రికావి. ఐదోదైన లుహ్యా ప్రజలు తూర్పున ఉన్నా మాట్లాడేది బంటూ భాష, అంటే కొన్ని వేల ఏళ్ల కిందట పశ్చిమం నుంచి విస్తరించిన భాషల గుంపుకు చెందినది. ఐదు భాషలనూ సాధారణంగా నైజర్-కాంగో కుటుంబంలోనే చేరుస్తారు. ఇథియోపియా లేదు, నమీబియా లేదు, కాంగో అడవుల్లోని వేటగాళ్లు లేరు, టాంజానియాలోని హద్జా ప్రజలు లేరు. కాబట్టి ఒక వ్యాసంలో ‘ఆఫ్రికన్లలో ఇంత శాతం’ అని కనిపిస్తే, అది ఈ దత్తాంశం (డేటా) నుంచి వచ్చిందా అని చూసుకోవాలి. వచ్చినట్లయితే ఆ వాక్యంలోని ‘ఆఫ్రికన్లు’ అనే మాటను కొట్టేసి, పక్కన ఈ సమూహాల పేర్లు రాసుకుని మళ్లీ చదవండి. ఖండం మొత్తాన్ని ఒకే గాటన కట్టిన చోటు అప్పుడు తేటగా బయటపడుతుంది.

కొడవలి కణంతో ఒక అభ్యాసం

పై మాట మాటగానే మిగలకుండా, పావుగంటలో చేయగలిగిన ఒక పని చెబుతాను. ఎన్‌సెంబల్ అనే ఉచిత జన్యుపట వెబ్‌సైట్ తెరిచి, వెతుకులాట గడిలో ఆర్, ఎస్ అనే ఆంగ్ల అక్షరాల పక్కన 334 అని కొట్టండి. ఇది సికిల్ సెల్ (కొడవలి కణం) వ్యాధికి, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బుకు, కారణమైన మార్పు గుర్తింపు సంఖ్య. ఆ పేజీలో జనాభా జన్యుశాస్త్రం అనే విభాగాన్ని తెరిస్తే ఒక్కో జనసమూహానికి ఒక్కో వృత్తపటం కనిపిస్తుంది.

ముందు మార్పును దగ్గరగా చూడండి. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో మూడక్షరాల ఆరో సంకేతం మామూలుగా జి-ఏ-జి. సికిల్ రూపంలో మధ్య అక్షరం మారి జి-టి-జి అవుతుంది, దానితో ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం స్థానంలో వాలీన్ అనే మరొకటి వస్తుంది. మూడు వందల కోట్ల అక్షరాల్లో ఈ వ్యాధికి కారణమైన తేడా ఇదొక్కటే. అయితే పేజీలో మీకు ‘ఏ’ నుంచి ‘టి’కి మార్పు కనిపించదు, ‘టి’ నుంచి ‘ఏ’కి అని కనిపిస్తుంది. కంగారు పడకండి. ఈ జన్యువును డీఎన్‌ఏ రెండో పోగు మీద నుంచి చదువుతారు, వెబ్‌సైట్ మాత్రం మొదటి పోగు అక్షరాలనే చూపుతుంది, ‘ఏ’కి ఎదురుగా ‘టి’ ఉంటుంది కనుక రెండూ ఒకటే. కొత్తగా చదివేవారు ఇక్కడే ఎక్కువగా తడబడతారు. అనుభవం ఉన్నవారూ తడబడిన సందర్భాలు లేకపోలేదు.

ఇప్పుడు వృత్తపటాలు చూడండి. ఆఫ్రికా సమూహాలన్నిటినీ కలిపితే ఈ రూపం దాదాపు పది శాతం ఉంటుంది. ఆ పట్టికలోనే కిందికి వెళ్తే బ్రిటన్‌లో నివసించే భారతీయ తెలుగువారు అనే సమూహం కనిపిస్తుంది. ఔను, ఈ ప్రపంచ దత్తాంశంలో మన భాష మాట్లాడేవారి నమూనాలు సుమారు వంద ఉన్నాయి. వారిలో సికిల్ రూపం సున్నా. దీన్ని బట్టి తెలుగు నేలలో సికిల్ సెల్ లేదని ఎవరైనా రాస్తే ఏమంటాం? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన సమూహాల్లో ఈ వ్యాధి ఉన్న సంగతి వైద్యులందరికీ తెలుసు. 2023లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. బ్రిటన్‌కు వలస వెళ్లిన తెలుగువారిలో ఆ సమూహాలవారు లెక్కకు అందేంతమంది లేరు, అంతే. నమూనాలో కనిపించకపోవడం వేరు, జనంలో లేకపోవడం వేరు. మన గురించి ఒక్క సంఖ్య ఇంత తప్పుదారి పట్టించగలిగితే, రెండు వేలకు పైగా భాషలున్న ఖండం గురించి ఐదు సమూహాల సంఖ్య ఎంత దారి తప్పించగలదో ఊహించుకోవచ్చు.

‘వైవిధ్యం ఎక్కువ’ అంటే ఏమి కొలిచారు

ఆఫ్రికా జనసమూహాల్లో జన్యు వైవిధ్యం మిగతా ప్రపంచం కంటే ఎక్కువన్నది నేడు వివాదం లేని విషయం. కాని ఆ ‘ఎక్కువ’ అనే మాట వెనుక వేర్వేరు కొలతలు ఉంటాయి, వ్యాసం దేన్ని వాడిందో గుర్తించాలి. మొదటిది తేడాల లెక్క. ఒక వ్యక్తి జన్యుపటం, పోల్చి చూడడానికి అందరూ వాడే ప్రామాణిక జన్యుపటంతో 41 లక్షల నుంచి 50 లక్షల చోట్ల తేడాగా ఉంటుందని వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు తేల్చింది. ఆ పరిధిలో పైచివర ఉన్నవారు ఆఫ్రికా మూలాలవారు. రెండోది కొత్తగా దొరికిన మార్పుల లెక్క. ఆఫ్రికా శాస్త్రవేత్తల నాయకత్వంలో నడిచిన హెచ్‌3ఆఫ్రికా కార్యక్రమం 2020లో 50 భాషా జనసమూహాలకు చెందిన 426 మంది జన్యుపటాలను పరిశీలించి, అప్పటిదాకా ఎక్కడా నమోదు కాని మార్పులు 30 లక్షలకు పైగా కనుక్కుంది. ఈ రెండో సంఖ్యను చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి: కొత్తవి ఎక్కువ దొరకడానికి వైవిధ్యం ఎంత కారణమో, అంతకుముందు ఎవరూ అక్కడ వెతకకపోవడమూ అంతే కారణం.

మూడో కొలత నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అందులో చరిత్ర నేరుగా కనిపిస్తుంది. క్రోమోజోమ్ మీద పక్కపక్కనున్న మార్పులు తరతరాలుగా కలిసికట్టుగా సంక్రమిస్తాయి; ప్రతి తరంలోనూ తల్లిదండ్రుల క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ఆ కట్టలు క్రమంగా తెగిపోతూ ఉంటాయి. పేకముక్కలు ఎన్నిసార్లు కలిపితే మొదటి వరస అంత చెదిరినట్లే ఇదీ. 2002లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం యూరప్, ఆసియా నమూనాల్లో జన్యుపటంలో సగభాగం 44 వేల అక్షరాలు లేదా అంతకంటే పొడవైన కట్టల్లో ఉంటే, యోరుబా, ఆఫ్రికన్ అమెరికన్ నమూనాల్లో ఆ పొడవు 22 వేలే. ఆఫ్రికా నుంచి బయటికి వెళ్లింది కొద్దిమందే. నవధాన్యాల గంపలో నుంచి పిడికెడు తీసుకెళ్లి వేరే పొలంలో చల్లితే ఆ పిడికిట్లో పడని గింజలు అక్కడ మొలవవు. ఆ ఇరుకు దారిలో వైవిధ్యం తగ్గడమే కాక, మిగిలిన కొద్ది రకాల కట్టలు పొడవుగా నిలిచిపోయాయి.

దీనికి వైద్యంలో ఫలితం ఉంది. యూరప్ నమూనాల మీద తయారైన జన్యుపరీక్ష చిప్పులు, వ్యాధి కారకమైన మార్పును నేరుగా కాక దాని పక్కనున్న గుర్తును పట్టుకుంటాయి. ఆఫ్రికాలో ఆ కట్ట తెగిపోయి ఉంటే గుర్తు ఉన్నా వ్యాధి మార్పు ఉండదు, వ్యాధి మార్పు ఉన్నా గుర్తు ఉండదు. కాబట్టి వ్యాసంలో పద్ధతుల భాగం చదివేటప్పుడు పూర్తి జన్యుపటాన్ని చదివారా, చిప్పు వాడారా అన్నది తప్పక రాసుకోండి. చిప్పుతో చేసిన లెక్కలో ఆఫ్రికా వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది.

రంగుల కడ్డీల పటం

ఇలాంటి వ్యాసాల్లో పాఠకుణ్ణి ఇట్టే ఆకర్షించేది రంగుల కడ్డీలు నిలువుగా పేర్చిన పటం. ఒక్కో కడ్డీ ఒక్కో మనిషి, కడ్డీలోని రంగులు అతని పూర్వీకుల వాటాలు అని వివరణ ఉంటుంది. అమెరికా జన్యుశాస్త్రవేత్త సారా టిష్కాఫ్ బృందం 2009లో 121 ఆఫ్రికా జనసమూహాలను 1,327 డీఎన్‌ఏ గుర్తుల సాయంతో పరిశీలించి, ఆఫ్రికాలో 14 పూర్వీక గుంపులున్నాయని చెప్పినప్పుడు వాడినది ఇలాంటి పద్ధతినే. ఆ అధ్యయనం గొప్పది, ఇవాళ్టికీ ఆధారంగా నిలిచేది. కాని పటం చదివేటప్పుడు తెలుసుకోవలసిందేమిటంటే, ఎన్ని రంగులు వాడాలో కంప్యూటర్‌కు ముందుగా మనిషే చెబుతాడు. ఐదు అడిగితే ఐదు, పద్నాలుగు అడిగితే పద్నాలుగు ఇస్తుంది; వాటిలో ఏది నప్పుతుందో తరువాత తూచి ఎంచుకుంటారు. అనుబంధంలో రెండు రంగుల నుంచి మొదలై వరసగా అన్ని పటాలూ ఇచ్చి ఉంటారు, ప్రధాన పటాన్ని వదిలి వాటిని చూడండి. ఏ సమూహం ఎప్పుడు విడిపోతుందో గమనిస్తే ఒక్క పటం కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఒక సమూహానికి పూర్తిగా సొంత రంగు వచ్చినంత మాత్రాన అది ‘స్వచ్ఛమైన’, ‘ప్రాచీనమైన’ సమూహమని అర్థం కాదు. టాంజానియాలోని హద్జా ప్రజలు సుమారు వెయ్యిమందే. సంఖ్య తక్కువైన సమూహంలో యాదృచ్ఛిక మార్పులు త్వరగా పేరుకుపోతాయి, బంధువుల మధ్య వివాహాలు తప్పవు, దాంతో వారంతా ఒకరికొకరు బాగా దగ్గరై, పద్ధతి దృష్టిలో ప్రత్యేక గుంపుగా నిలుస్తారు. అది ఇటీవలి వందల ఏళ్ల సంగతి కూడా కావచ్చు.

ఇదే సందర్భంలో ‘అతి ప్రాచీన జనం’ అనే మాట గురించి. దక్షిణ ఆఫ్రికాలోని సాన్, ఖోయ్‌ఖోయ్ ప్రజల గురించి ఈ మాట లెక్కలేనన్నిసార్లు రాశారు. వారి పూర్వీకుల శాఖ మిగతా అందరి శాఖ నుంచి చాలా ముందుగా విడిపోయిందన్నది నిజం. అయితే ఒక చోట చీలిన కొమ్మలు రెండింటికీ చీలిక నుంచి వయసు సమానమే. వారు మన నుంచి ఎంత కాలం కిందట విడిపోయారో మనమూ వారి నుంచి అంతే కాలం కిందట విడిపోయాం. పైగా వారు ఎవరితోనూ కలవకుండా నిలిచిపోయిన జనమూ కారు: క్వాజులు-నాటాల్ తీరంలోని బాలిటో బేలో సుమారు 2,000 ఏళ్ల కిందట చనిపోయిన బాలుడి జన్యుపటాన్ని 2017లో చదివిన బృందం, నేటి ఖోయ్-సాన్ సమూహాలన్నిటిలోనూ తూర్పు నుంచి వచ్చిన పశుపోషకుల వాటా 9 నుంచి 30 శాతం ఉందని లెక్కకట్టింది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వలసపాలకులు పెట్టిన తక్కువచూపు పేర్లు పాత వ్యాసాల్లో విరివిగా ఉంటాయి. తెలుగులో రాసేటప్పుడు వాటిని దించుకోకుండా, వీలైనంతవరకు జు’హోవాన్సి, నామా, బాకా, మ్బూటి వంటి ప్రత్యేక సమూహాల పేర్లే వాడాలి. 2010లో సాన్ వ్యక్తుల జన్యుపటాలు ప్రచురితమైన తీరు మీద ఆ సమాజం నాయకులు తీవ్ర అభ్యంతరం తెలిపారు. 2017లో దక్షిణాఫ్రికా సాన్ ప్రతినిధులు పరిశోధకుల కోసం గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ వంటి విలువల మీద నిలిచిన నియమావళిని తామే ప్రకటించారు. ఆ తరువాతి వ్యాసాల్లో అనుమతుల గురించిన పేరాను దాటవేయకుండా చదవండి, నమూనా ఇచ్చినవారితో సంబంధం ఎలాంటిదో అందులో తెలుస్తుంది.

సంవత్సరాల సంఖ్యను విప్పి చూడడం

ఇక అసలు చిక్కుముడి కాలనిర్ణయం. వ్యాసంలో కనిపించే ప్రతి సంవత్సరాల సంఖ్య వెనుక కనీసం రెండు ఊహలు ఉంటాయి: ఒక తరంలో ఒక అక్షరానికి ఎంత వేగంతో మార్పు వస్తుంది, ఒక తరం అంటే ఎన్నేళ్లు. వాటిని వెతికి రాసుకున్న తరువాత ఈ లెక్క స్వయంగా చేసి చూడండి.

యోరుబా సమూహంలో ఒకే చోటికి చెందిన రెండు డీఎన్‌ఏ ప్రతులు సగటున సుమారు వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడాగా ఉంటాయి. తల్లిదండ్రులనూ బిడ్డనూ కలిపి చదివిన అధ్యయనాల ప్రకారం మార్పుల వేగం తరానికి, అక్షరానికి వంద కోట్లలో పన్నెండు వంతులు. తేడా రెండు శాఖల్లోనూ పేరుకుంటుంది కనుక వేగాన్ని రెట్టింపు చేసి భాగించాలి. వెయ్యిలో ఒకటిని వంద కోట్లలో ఇరవై నాలుగుతో భాగిస్తే సుమారు 41,700 తరాలు వస్తుంది. తరానికి 29 ఏళ్లు వేసుకుంటే 12 లక్షల సంవత్సరాలు! శిలాజాలను ఆధారంగా తీసుకుని కొంతకాలం వాడిన పాత వేగం, అంటే వంద కోట్లలో ఇరవై ఐదు, తీసుకుంటే అదే తేడా 20,000 తరాలు, 5,80,000 ఏళ్లు అవుతుంది. దత్తాంశంలో ఒక్క అక్షరం మారలేదు, ఊహ మారింది, వయసు సగమైంది.

ఇంకో సంగతి కూడా ఆ లెక్కలోనే దాగి ఉంది. 12 లక్షల ఏళ్ల కిందట మన జాతి లేనేలేదు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన, మన జాతి తొలి రూపంగా చాలామంది భావించే శిలాజాల వయసే సుమారు 3,15,000 ఏళ్లు. ఇథియోపియాలోని ఓమో కిబిష్ పుర్రె కనీసం 2,30,000 ఏళ్ల నాటిదని 2022లో తేల్చారు. అలాంటప్పుడు పన్నెండు లక్షల ఏళ్లేమిటి? అది రెండు డీఎన్‌ఏ ముక్కలు వెనక్కి వెళ్తూ ఒకే పూర్వీక ముక్కలో కలిసిన సగటు కాలం. రెండు జనసమూహాలు విడిపోయిన కాలం కాదు. అన్నదమ్ములు వేరుపడింది నిన్నే అయినా, వారి వాటాకు వచ్చిన నగలు వేర్వేరు ముత్తవ్వల నాటివి కావచ్చు గదా. వ్యాసం చెప్పే సంఖ్య ముక్క వయసా, సమూహాల చీలిక వయసా అన్నది తేల్చుకోకుండా దాన్ని ఎక్కడా ఎత్తిరాయకూడదు.

తండ్రి వైపు వై-క్రోమోజోమ్ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 2013లో అమెరికాలోని ఒక ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం వాణిజ్య పరీక్షకు పంపిన నమూనాలో అంతకుముందు తెలిసిన వృక్షంలో ఎక్కడా అతకని శాఖ బయటపడింది. దానికి ఏ00 అని పేరు పెట్టారు, పశ్చిమ కామెరూన్‌లోని మ్బో ప్రజల్లో కొందరికి అదే శాఖ ఉందని కనుక్కున్నారు. మొదటి వ్యాసం దాని చీలికను 3,38,000 ఏళ్ల కిందట పెట్టింది. మరుసటి ఏడాది మరో బృందం ఆ వేగాన్ని తప్పుపట్టి సుమారు 2,08,000 అంది. 2015లో ఎక్కువ నమూనాలతో వచ్చిన లెక్క దాదాపు 2,54,000 దగ్గర నిలిచింది. మొదటి అంకెకు వ్యాసంలోనే ఇచ్చిన పరిధి 2,37,000 నుంచి 5,81,000. ఆ పరిధిని చదివినవారికి తరువాతి సవరణ అంత ఆశ్చర్యం కలిగించి ఉండదు. ఒకే అంకెను ఎత్తిరాసిన వార్తలు మాత్రం ‘మానవజాతి కంటే పాతదైన పురుషుడు’ అంటూ చిలవలు పలవలు అల్లాయి.

చెట్టా, పాయలా

బాలిటో బే బాలుడి అధ్యయనం దక్షిణ ఆఫ్రికా శాఖ మిగతావారి నుంచి 3,50,000-2,60,000 ఏళ్ల మధ్య విడిపోయిందంది. 2023లో నామా ప్రజల కొత్త జన్యుపటాలు 44 చేర్చి చేసిన మరో అధ్యయనం, నేటి జనసమూహాల మధ్య కనిపించే తొలి చీలిక 1,20,000-1,35,000 ఏళ్ల నాటిదంది. ఈ రెంటిలో ఒకటి తప్పని తీర్మానించే ముందు, రెండూ గతాన్ని ఏ ఆకారంలో ఊహించుకున్నాయో చూడాలి. మొదటిది చెట్టును ఊహించింది: కొమ్మ ఒకసారి చీలిందంటే మళ్లీ కలవదు. రెండోది రెండో మూడో ఏటిపాయలను ఊహించింది: అవి లక్షల ఏళ్లుగా పక్కపక్కన సాగుతూ, మధ్యమధ్య నీళ్లు కలుపుకుంటూ వచ్చాయి. పాయల మధ్య కలయికను ఒప్పుకోని మోడల్ (గతం గురించిన లెక్కల ఊహ), పాత తేడాలన్నిటినీ వివరించడానికి చీలికను వెనక్కి నెట్టవలసి వస్తుంది.

నా మట్టుకు నాకు పాయల చిత్రమే నప్పినట్లు తోస్తుంది, ఎందుకంటే శిలాజాలు కూడా మొరాకో, ఇథియోపియా, దక్షిణాఫ్రికా మూడు దిక్కులా దొరికాయి, ఏదో ఒక్క లోయలో కాదు. అలాగని ఆ మోడల్‌ను తుదిమాటగా తీసుకోనవసరం లేదు. పశ్చిమ ఆఫ్రికా జన్యుపటాల్లో ఎక్కడా శిలాజం దొరకని ఒక ప్రాచీన జాతి వాటా ఉందని 2020లో ఒక బృందం అంది. 2023 వ్యాసకర్తలు అదే సాక్ష్యాన్ని పాయల మధ్య కలయికతోనే వివరించవచ్చునన్నారు. ఇలాంటి చోట పద్ధతుల విభాగంలో పోటీ మోడల్‌లను ఎన్నిటిని పరీక్షించారు, వాటిలో ఓడినవి ఎంత తేడాతో ఓడాయి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

పాల చక్కెర దగ్గర ఆగి

ప్రకృతి వరణం గురించిన వాదనలను పరీక్షించడానికి పాల చక్కెరను మించిన పాఠం లేదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే సామర్థ్యానికి యూరప్‌లో కారణమైన మార్పు, పాల చక్కెరను (లాక్టోజ్‌ను) అరిగించే లాక్టేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువుకు 13,910 అక్షరాల ఎగువన ఉంటుంది. దీన్ని మాత్రమే ఆఫ్రికాలో వెతికితే చాలాచోట్ల దొరకదు, దొరకలేదు కనుక అక్కడివారికి పాలు పడవని నిర్ణయించడం తేలిక. తూర్పు ఆఫ్రికాలోని పశుపోషకులైన మాసాయిలు తరతరాలుగా పశువుల పాలమీద బతుకుతున్న సంగతి మరి? టిష్కాఫ్ బృందం టాంజానియా, కెన్యా, సూడాన్‌లలో 43 సమూహాలకు చెందిన 470 మందికి లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించి, వారి రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో కొలిచి, ఆ తరువాతే డీఎన్‌ఏ చూసింది. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలో 14,010వ స్థానంలో, అంటే యూరప్ మార్పుకు సరిగ్గా వంద అక్షరాల దూరంలో, స్వతంత్రంగా పుట్టిన వేరే మార్పు బయటపడింది. దాని వయసు 2,700 నుంచి 6,800 ఏళ్ల మధ్య ఉండవచ్చని అంచనా వేశారు. మనదేశంలో పాలు అరిగించుకునేవారిలో ఎక్కువగా కనిపించేది మాత్రం యూరప్‌లోని మార్పే. ఒక మార్పు ‘లేదు’ అన్న వాక్యం చదివినప్పుడు, ఆ లక్షణాన్ని మనుషుల్లో నేరుగా కొలిచారా లేక తెలిసిన మార్పునే వెతికారా అని అడగండి.

ఎముకల డీఎన్‌ఏ, ఆపై సవరణలు

వేడి, తేమ డీఎన్‌ఏను త్వరగా పాడు చేస్తాయి కనుక ఆఫ్రికాలో ప్రాచీన జన్యుపటాలు యూరప్‌తో పోలిస్తే చాలా తక్కువ, ఉన్నవి కూడా ఎక్కువగా ఎత్తైన చల్లని గుహల నుంచి వచ్చినవి. కామెరూన్‌లోని షుమ్ లాకా రాతి ఆశ్రయంలో సుమారు 8,000, 3,000 ఏళ్ల కిందట పాతిపెట్టిన నలుగురు పిల్లల జన్యుపటాలు 2020లో వెలువడ్డాయి. బంటూ భాషల పుట్టినిల్లు ఆ చుట్టుపక్కలే అంటారు. తీరా చూస్తే ఆ పిల్లలు నేటి బంటూ భాషీయులకు నేరు పూర్వీకులు కారు, మధ్య ఆఫ్రికా అడవుల్లోని వేటగాళ్లకు దగ్గరివారు. వారిలో ఒక బాలుడిలో పైన చెప్పిన ఏ00 శాఖ కూడా కనిపించింది. ఒక చోట నేడున్నవారిని చూసి నిన్న అక్కడున్నవారిని ఊహించకూడదని దీనిని మించి చెప్పేదేముంది? ప్రాచీన నమూనాల వ్యాసంలో మనుషుల సంఖ్య, పూడ్చిన కాలం, ఒక్కో అక్షరాన్ని సగటున ఎన్నిసార్లు చదవగలిగారన్న అంకె రాసుకోండి. మూడో అంకె ఒకటి కంటే తక్కువైతే ఒక్క మనిషి మీద పెద్ద వాదన నిలబెట్టినచోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

చివరి పని, ఎక్కువమంది మరిచిపోయేది: వ్యాసం పేజీకి తిరిగి వెళ్లి, తరువాత ఏదైనా సవరణ ప్రకటించారేమో చూడడం. ఇథియోపియాలోని మోటా గుహలో దొరికిన సుమారు 4,500 ఏళ్ల నాటి మనిషి జన్యుపటం 2015 అక్టోబరులో వెలువడింది. ఆఫ్రికా నుంచి వచ్చిన తొలి పూర్తి ప్రాచీన జన్యుపటం అదే. పశ్చిమాసియా నుంచి ఆఫ్రికాలోకి వెనక్కి వలస వచ్చినవారి వాటా పశ్చిమాన యోరుబాల దాకా, కాంగో అడవుల్లో మ్బూటిల దాకా ఖండమంతటా ఉందన్నది ఆ వ్యాసం ప్రధాన వాదన. కొద్ది నెలల్లోనే రచయితలు స్వయంగా తప్పు ఒప్పుకున్నారు. రెండు సాఫ్ట్‌వేర్‌ల మధ్య దత్తాంశాన్ని మార్చేటప్పుడు ఒక అంచె తప్పిపోయి, మోటా మనిషి ప్రామాణిక జన్యుపటంతో సరిగ్గా ఏకీభవించిన స్థానాలు చాలావరకు లెక్కలోంచి జారిపోయాయి. దాంతో అతడు ఉన్నదానికంటే భిన్నంగా, మిగతా ఆఫ్రికన్లు ఉన్నదానికంటే బయటివారికి దగ్గరగా కనిపించారు. తూర్పు ఆఫ్రికా గురించిన వాదన నిలిచింది, పశ్చిమ, మధ్య ఆఫ్రికాల గురించిన వాదన పోయింది, జన్యుపటం మాత్రం చెక్కుచెదరలేదు. వ్యాసం శీర్షికలో ‘ఆఫ్రికా ఖండమంతటా’ అని ఉన్నచోట ఇప్పుడు ‘తూర్పు ఆఫ్రికాలో’ అని ఉంటుంది. పాత శీర్షికతోనే దాన్ని ఉటంకించే రచన మీకు ఎక్కడైనా ఎదురైతే, ఆ రచయిత సవరణకు ముందు ప్రతినే చదివి ఉంటాడేమోనని అనుమానించి, ఆ చోట అతడు చెప్పిన మాటను కొత్త ప్రతితో సరిచూసుకోండి.